ముఖానికి రాసుకునే విటమిన్ ఏ



ఈ మధ్య ఏ మందుల షాపుకు వెళ్ళినా, ఏ ఫ్యాన్సీ అంగడికి వెళ్ళినా ఒక మాట తరచుగా వినబడుతోంది. రెటినాల్. "అక్కా, రెటినాల్ సీరం వచ్చింది, చూడండి" అంటున్నారు అమ్మేవారు. సెల్‌ఫోన్‌లో చూసి ఆడపిల్లలు అదే కావాలంటున్నారు. బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన కోడలు అద్దం ముందు పెట్టిన చిన్న సీసాను చూసి, "ఇదేమిటమ్మా, నేను కూడా కొంచెం రాసుకోవచ్చా?" అని అత్తగారు అడుగుతోంది. రాసుకోవచ్చు. కాని దానికొక పద్ధతి ఉంది. అది తెలియకుండా మొదలుపెడితే వారం తిరక్కుండా మొహం ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది, మంట పుడుతుంది. మంట తగ్గాక ఆ చోట నల్లమచ్చ మిగులుతుంది. మనవి చామనఛాయ ఒళ్ళు. తెల్లదొరల చర్మం మీద మంట ఎర్రగా వచ్చి ఎర్రగానే పోతుంది. మన చర్మం మీద అది నల్లని గుర్తు పెట్టి మరీ పోతుంది. ఆ గుర్తు చెరగడానికి నెలలు పడుతుంది. అందుకని ఈ పూట ఆ పద్ధతి గురించి మాట్లాడుకుందాం.

నేను డాక్టరును కాను. బళ్ళారి జిల్లాలో బడిపిల్లలకు సైన్సు చెప్పే పంతులమ్మను. సగం పాఠం కన్నడంలో, సగం తెలుగులో చెప్పే అలవాటు. చర్మానికి జబ్బు చేస్తే చర్మవైద్యుల దగ్గరకే వెళ్ళాలి. నేను చెప్పేది సీసా కొనేముందు, మూత తీసేముందు ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉండవలసిన సంగతులు మాత్రమే.

రెటినాల్ అంటే కొత్త వస్తువేమీ కాదు. అది విటమిన్ ఏ. కంట్లో రెటీనా అనే పొర ఉంది చూడండి, ఆ మాట నుంచే దీనికి ఆ పేరు వచ్చింది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు పసిపిల్లల నోట్లో పసుపురంగు చుక్కల మందు పోస్తారు కదా, అందులో ఉండేది ఇదే. మన దేశంలో రేచీకటి, పోషకాహార లోపంతో వచ్చే గుడ్డితనం తగ్గించడానికి 1970 నుంచి ఈ విటమిన్‌ను పిల్లలకు ఇస్తున్నారు. మునగాకులో, తోటకూరలో, బొప్పాయిలో, క్యారెట్టులో ఉన్న పసుపు పదార్థాన్ని మన శరీరం ఈ విటమిన్‌గా మార్చుకుంటుంది. కంటికి ఇది ఎంత అవసరమో చర్మానికీ అంతే అవసరం. అలాగని క్యారెట్లు బుట్టెడు తింటే ముడతలు పోవు. విటమిన్ ఏ గోళీలు సొంతంగా కొని మింగడం అంతకంటే పొరపాటు, ఎందుకంటే ఇది ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలో, పేరుకుపోయే విటమిన్. ఎక్కువైతే హాని చేస్తుంది. కొందరు విటమిన్ ఇ గోళీని సూదితో పొడిచి నూనె ముఖానికి పూసుకుంటారు. ఆ అలవాటు చూసి విటమిన్ ఏ గోళీని పొడిచేరు, వద్దు.

దీన్ని ముఖానికి రాయాలన్న ఆలోచన మొదట మొటిమల కోసం వచ్చింది. విటమిన్ ఏ కుటుంబంలో ట్రెటినాయిన్ అని ఒక గట్టి మందు ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు దాని మీద పని చేశాడు. 1971లో అక్కడి ప్రభుత్వం దాన్ని మొటిమల మందుగా ఒప్పుకుంది. మొటిమల కోసం వాడిన నడివయసు ఆడవాళ్ళు కొందరు, "డాక్టరుగారూ, మా ముఖం నున్నబడింది, సన్న గీతలు తగ్గాయి" అని చెప్పడంతో ఆయన మళ్ళీ పరిశీలన మొదలుపెట్టి, ఎండ వల్ల ముదిరిన చర్మానికి ఇది పనికొస్తుందని 1986లో ప్రకటించాడు. 1995లో ముడతలకు కూడా అనుమతి వచ్చింది. ఇదే క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 దాకా హోమ్స్‌బర్గ్ అనే జైలులో ఖైదీల చర్మం మీద ఎన్నో ప్రయోగాలు చేశాడు. ఏం పూస్తున్నారో, దాని వల్ల ఏం జరుగుతుందో వాళ్ళలో చాలామందికి సరిగా తెలియదు. ఈ కుటుంబపు మందుల చరిత్రలో ఆ సంగతి కూడా ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఇది పని చేసే తీరు. మన చర్మం పై పొరను ఇటుక గోడ అనుకోండి. అడుగున కొత్త ఇటుకలు తయారవుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి జరిగి, పైకి వచ్చేసరికి ఎండి, ఒంటి మీద మట్టిలాగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. విటమిన్ ఏ ఆ ప్రయాణాన్ని తొందరపెడుతుంది. రంధ్రాల్లో చిక్కుకున్న మృతకణాలు బయటపడతాయి కాబట్టి మొటిమలు తగ్గుతాయి. నల్లరంగు పట్టిన కణాలు త్వరగా రాలిపోతాయి కాబట్టి మచ్చలు పలచబడతాయి. గోడ కింద పునాదిలాగా కొల్లాజెన్ అనే నారలాంటి పదార్థం ఉంటుంది. అది పెరగడం వల్ల సన్న గీతలు తగ్గుతాయి. కాని గోడను తొందరపెట్టి కట్టేటప్పుడు ఇటుకకూ ఇటుకకూ మధ్య మట్టి సరిగా ఆరదు కదా. మొదటి కొన్ని వారాలు ముఖం పరిస్థితి అదే. లోపలి తడి బయటికి పోతుంది, బయటి సబ్బూ ఎండా లోపలికి గుచ్చుకుంటాయి. మంట, పొట్టు అంతా అందువల్లే.

ఈ కుటుంబంలో అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. ట్రెటినాయిన్ నేరుగా పని చేస్తుంది కాబట్టి బలం ఎక్కువ, బాధా ఎక్కువ. రెటినాల్‌ను చర్మం రెండు మెట్లలో మార్చుకుని గాని వాడుకోలేదు, అందుకని దాని బలం తక్కువ, ఓర్చుకోవడం తేలిక. రెటినైల్ పామిటేట్ అని సీసాల మీద కనబడేది ఇంకా మెత్తనిది. మొటిమలకు ఇచ్చే అడపలీన్ కూడా ఈ వరసలోనిదే. అమెరికాలో 2016 నుంచి అడపలీన్‌లో ఒక రకం చీటీ లేకుండా దొరుకుతోంది. మన దగ్గర ట్రెటినాయిన్‌నూ అడపలీన్‌నూ డాక్టరు రాసి ఇస్తేనే వాడాలి.

రెటినాల్‌కు నిజంగా పని చేసే శక్తి ఉందా, లేక అంతా ప్రకటనల మాయేనా అని మీరు అడగవచ్చు. 2007లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం వారు ఒక పరీక్ష ప్రచురించారు. 36 మంది వృద్ధులు, వారి సగటు వయసు 87 ఏళ్ళు. ఒక చేతికి 0.4 శాతం రెటినాల్ ఉన్న లోషను, రెండో చేతికి రెటినాల్ లేని అదే లోషను రాశారు. 24 వారాల తర్వాత చూస్తే రెటినాల్ రాసిన చేతి మీద సన్న ముడతలు తగ్గాయి. ఇక్కడ నేను మీకు గుర్తు చేయదలచినది ఇంకొకటి ఉంది. వాళ్ళు రోజూ రాయలేదు. వారానికి మూడుసార్లు, అంతే. పైగా దాదాపు ఆరు నెలలు ఓపిక పట్టారు. మన పిల్లలేమో పొద్దున రాసి సాయంత్రం అద్దంలో చూసుకుంటారు.

ఇంకొక అపోహ ఉంది. రెటినాల్ తెల్లబరిచే మందు కాదు. పుట్టుకతో వచ్చిన రంగును అది మార్చదు. మచ్చలు పలచబడి, ముఖం ఒకే తీరుగా కనబడితే అదే దాని ఫలితం. పెళ్ళిచూపుల్లో నిలబడవలసిన పిల్లకు ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాని తెల్లబడాలన్న ఆ ఆశ దగ్గరే అసలు ప్రమాదం మొదలవుతోంది.

మా బడిలో చదువుకుని వెళ్ళిన ఒక అమ్మాయి కిందటేడు నన్ను చూడడానికి వచ్చింది. చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. "టీచర్, మీరే చూసి చెప్పండి" అంటూ కొంగు తీసింది. బుగ్గలు రెండూ ఎర్రగా, పలచగా, సన్నని నెత్తురు గీతలు కనబడుతున్నాయి. గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. బయటికి వస్తే ఎండ సూదుల్లాగా గుచ్చుకుంటోందట. మంగుమచ్చలు పోవాలని ఒక షాపులో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. మొదటి పదిహేను రోజుల్లో ముఖం మెరిసిపోయింది. వదినకిచ్చింది, చెల్లెలికిచ్చింది. ఏడాదిన్నర వాడింది. మానేస్తే ముఖం భగ్గుమంటోంది, రాస్తే చల్లబడుతోంది. మానలేదు, వాడలేదు. "ఇందులో విటమిన్ ఏ ఉందని చెప్పారు టీచర్, మంచిదే కదా అనుకున్నా" అంది.

ఆ ట్యూబును నేను చేతిలోకి తీసుకుని చదివాను. అందులో విటమిన్ ఏ జాతి మందు ఉన్న మాట నిజమే. దానితో పాటు హైడ్రోక్వినోన్ అనే మచ్చల మందు, మొమెటసోన్ అనే స్టిరాయిడ్ కూడా ఉన్నాయి. ఈ మూడింటి కలయికను మంగుమచ్చలకు డాక్టర్లు కొన్ని వారాల పాటు, తమ కళ్ళ ముందు ఉంచుకుని వాడిస్తారు. అది తప్పు కాదు. ఏడాది పొడుగునా ముఖానికి స్నోలాగా పూసుకోవడం తప్పు. మొదట కనబడిన ఆ మెరుపు చాలావరకు స్టిరాయిడ్ చలవ. చర్మం పలచబడటం, వెంట్రుకలు మొలవడం, మానితే మండటం కూడా దాని చలవే. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే 14 రకాల స్టిరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని పట్టికలో చేర్చింది. చట్టం ఉంది. అమ్మకం కూడా ఉంది. సరిహద్దుకు ఈవల దొరక్కపోతే ఆవల దొరుకుతుంది.

ఆ అమ్మాయిని చర్మవైద్యుల దగ్గరకు పంపాను. ఇలా ఎక్కువ కాలం స్టిరాయిడ్ వాడినవారు సొంతంగా ఒక్కసారిగా మానేసి, దాని బదులు రెటినాల్ మొదలుపెడితే నిప్పు మీద కారం చల్లినట్టే అవుతుంది. ముందు డాక్టరు చేత ఆ చర్మాన్ని కుదుటపరిపించుకోవాలి. రెటినాల్ మాట ఆ తర్వాత.

కాబట్టి కొనేముందు పెట్టె మీద ఉన్నది చదవండి. అక్షరాలు ఇంగ్లీషులో చీమ తలకాయలంత ఉంటాయి. మీకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి, వాళ్ళకూ పాఠం అవుతుంది. పెట్టె మీద ఎడమవైపు పైన ఆర్ ఎక్స్ అనే గుర్తు ఉంటే అది చీటీ మందు అని అర్థం. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, ఈ నాలుగు మాటల్లో ఏది కనబడినా అందులో స్టిరాయిడ్ ఉన్నట్టే. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. చీటీ లేకుండా దొరికే సీసాలో రెటినాల్ అని, పక్కన ఎంత శాతమో ఉండాలి. శాతం చెప్పని సీసాను నేనైతే కొనను. మొదటిసారి వాడేవారికి 0.1 నుంచి 0.3 శాతం చాలు. బజారులో 1 శాతం సీసాలు కూడా ఉన్నాయి. ఎక్కువ శాతమంటే ఎక్కువ మంచిదని కాదు. ముఖానికి రాసే వస్తువుల్లో 0.3 శాతానికి మించి రెటినాల్ ఉండకూడదని యూరప్ దేశాల కూటమి 2024లో నియమం చేసింది. ఒంటికి రాసే లోషన్లలో అయితే 0.05 శాతమే.

ఇప్పుడు దీని జోలికి పోకూడనివారి సంగతి. ఈ మాట అత్తగార్లు, అమ్మలు కూడా శ్రద్ధగా వినాలి. కడుపుతో ఉన్నవారు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవారు రెటినాల్, ట్రెటినాయిన్, అడపలీన్, వీటిలో ఏదీ రాసుకోకూడదు. విటమిన్ ఏ జాతి మందులు మోతాదు మించి ఒంట్లోకి పోతే కడుపులో పిండం ఏర్పడే తొలి వారాల్లోనే లోపాలు కలుగుతాయి. మొటిమలకు నోటితో మింగే ఐసోట్రెటినాయిన్ అనే గోళీ విషయంలో ఇది రుజువైన సంగతి. ఆ గోళీ అమెరికాలో 1982లో వచ్చింది. కొద్ది కాలానికే చెవులు, గుండె, మెదడు సరిగా ఏర్పడని బిడ్డలు పుట్టినట్టు తేలింది. ఆ గోళీ మింగుతున్నన్నాళ్ళూ, మానిన తర్వాత కనీసం ఒక నెల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి. ముఖానికి రాసిన మందు ఒంట్లోకి ఇంకేది చాలా తక్కువ. అయినా అందం కోసం ఆ కొంచెం ప్రమాదాన్ని కూడా తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? కొత్తగా పెళ్ళయిన పిల్లకు నెల తప్పిన సంగతి తెలిసేసరికే నాలుగైదు వారాలు గడిచిపోతాయి. పిల్లలను కోరుకుంటున్నప్పుడే ఆపేయమనడం అందుకే. తెలియక రాసుకున్నవారు మాత్రం బెంగపెట్టుకుని తిండి మానుకోవద్దు. ఆ రోజే ఆపి, డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పండి, చాలు. బిడ్డకు పాలిచ్చే తల్లులు కూడా డాక్టరును అడగనిదే వాడవద్దు.

బడిపిల్లలకు కూడా ఇది అవసరం లేదు. పన్నెండేళ్ళ పిల్ల ముఖం మీద ముడతలెక్కడివి? సెల్‌ఫోన్‌లో ఎవరో చూపించారని ఏడో తరగతి పిల్లలు ఈ సీసాల పేర్లు చెబుతుంటే నాకు ఆశ్చర్యం వేస్తుంది. మొటిమలు ఎక్కువగా ఉన్న పిల్లలకు కావలసింది డాక్టరు, సీరం కాదు. ముఖం మీద పుండ్లు, దద్దుర్లు, ఎండకు కమిలిన చర్మం ఉన్నవారు అవి మానేదాకా ఆగాలి.

సరే, ఇవేవీ లేవు, సీసా కొన్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలి? మార్చి నుంచి మే దాకా మన ప్రాంతపు ఎండ మీకు తెలుసు. ఆ ఎండలో మొదలుపెట్టవద్దు. వానలు పడి నేల చల్లబడ్డాక మొదలుపెడితే ముఖానికి అలవాటుపడే వ్యవధి ఉంటుంది. అంతకుముందే రెండు అలవాట్లు చేసుకోవాలి. పగలు సన్‌స్క్రీన్, రాత్రి చర్మానికి తడి నిలిపే క్రీము. రెండు వారాల పాటు ఈ రెండూ క్రమంగా రాసుకోలేనివారు రెటినాల్ కూడా క్రమంగా రాసుకోలేరు. అటువంటివారు సీసా డబ్బు మిగుల్చుకోవడం నయం. పొద్దస్తమానం మిరపచేలో, పత్తిచేలో ఎండలో పని చేసే అక్కలకు నేను రెటినాల్ కొనమని చెప్పను. వారికి ఆ డబ్బుతో మంచి గొడుగు, అంచు వెడల్పు టోపీ, పొడుగు చేతుల చొక్కా ఎక్కువ మేలు చేస్తాయి. ముఖాన్ని ముదిరేలా చేసేది, మంగును నల్లబరిచేది ముందు ఎండే. మనం మంగు అంటాం, పక్కింటి కన్నడిగులు బంగు అంటారు. పేరేదైనా ఎండ తగిలితే నల్లబడుతుంది.

మొదట ముఖానికి రాయకండి. మోచేతి మడత లోపలివైపు, లేదా చెవి కింద దవడ మీద, రూపాయి బిళ్ళంత చోట మూడు రాత్రులు రాసి చూడండి. దురద, వాపు, పొక్కులు రాకపోతే ముఖానికి సిద్ధం కావచ్చు.

రాత్రి పడుకోబోయే ముందు మెత్తని సబ్బుతో ముఖం కడగండి. మా వైపు బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, సబ్బు నురగే రాదు, జిడ్డులాగా ముఖానికి అంటుకుని చర్మాన్ని ఎండబెడుతుంది. అటువంటి చోట సబ్బు తగ్గించి, చివరిసారి తాగేనీళ్ళు రెండు దోసిళ్ళు పోసుకుంటే మేలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. ఈ ఆగడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తడి ముఖం మీద రాస్తే మందు త్వరగా లోపలికి పోయి మంట ఎక్కువవుతుంది. ముఖమంతటికీ కలిపి పచ్చి బఠాణీ గింజంత చాలు. వేలితో నుదుట, రెండు బుగ్గలమీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. కనురెప్పలు, ముక్కుపుటాల మూలలు, పెదవుల చివరలు వదిలేయండి, అక్కడి చర్మం ముందుగా పగులుతుంది. మెడ కూడా సున్నితమే, మొదటి నెలల్లో దానికి వద్దు. పైన క్రీము రాసుకోండి. చర్మం మరీ పొడిగా ఉన్నవారు ముందు క్రీము, మధ్యలో రెటినాల్, మళ్ళీ పైన క్రీము రాసుకోవచ్చు. క్రీము ఖరీదైనదే కానక్కర్లేదు, గ్లిజరిన్ ఉన్న సాదా లోషను చాలు. పెదవుల చివరలకు, ముక్కు మూలలకు ముందుగా కాస్త వేజలీన్ అద్దుకుంటే మందు అక్కడికి పాకదు. చేతులు కడుక్కుని పడుకోండి.

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే. మరిచిపోకుండా ఉండాలంటే రోజులు ముందే అనుకోండి, సోమవారం, గురువారం అని. మధ్య రాత్రుల్లో క్రీము ఒక్కటే. ఇబ్బంది లేకపోతే తర్వాతి నాలుగు వారాలు వారానికి మూడు రాత్రులు. ఆపైన కూడా ముఖం నిమ్మళంగా ఉంటే రోజు విడిచి రోజు. రోజూ రాయాలన్న పంతం అక్కర్లేదు. నా ఉద్దేశంలో చాలామందికి వారానికి మూడు రాత్రుల దగ్గర ఆగిపోవడమే మంచిది. ఒక రాత్రి మరిచిపోతే మరునాడు రెట్టింపు రాయకండి. గింజంతకు బదులు గోళీకాయంత రాస్తే ఫలితం రెట్టింపు కాదు, మంట రెట్టింపవుతుంది.

మొదటి నెలలో కొంచెం పొడిబారడం, అక్కడక్కడ సన్నటి పొట్టు, ముఖం కడిగినప్పుడు కాస్త చురుక్కుమనడం మామూలే. మొటిమలు ఉన్నవారికి మొదట్లో అవి ఇంకొన్ని ఎక్కువ కావచ్చు, లోపల ఉన్నవి త్వరగా బయటపడటం వల్ల. కొద్ది వారాల్లో తగ్గుతాయి. కాని మిరపకాయ కోసిన చెయ్యి ముఖానికి తగిలినట్టు మండుతూ ఉంటే, ఎరుపు మరునాటికీ తగ్గకపోతే, ఆపేయండి. వారం రోజులు క్రీము ఒక్కటే రాసి, పూర్తిగా చల్లబడ్డాక వారానికి ఒక రాత్రితో మళ్ళీ మొదలుపెట్టండి. కళ్ళు వాచినా, రసి కారినా ఇక ఇంటివైద్యం వద్దు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. "మంట పుడుతోందంటే మందు పని చేస్తోందన్న మాట" అని కొందరు చెబుతారు. అది తప్పు. మంట మన చర్మం పెట్టే మొర. మన రంగు చర్మం మీద ప్రతి మంటా ఒక నల్లమచ్చకు బీజం.

ఇక మన ఇళ్ళలోని అలవాట్లు. శెనగపిండి, సున్నిపిండి, ముల్తానీ మట్టి, నిమ్మరసం, ఇవి ముఖానికి వాడనివాళ్ళు తక్కువ. రెటినాల్ వాడుతున్న ముఖానికి రుద్దుడు పనికిరాదు. నలుగు ఒంటికి పెట్టుకోండి, ముఖానికి వద్దు. నిమ్మరసం రెటినాల్ లేనప్పుడు కూడా మంచిది కాదు. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. శాలిసిలిక్ ఆసిడ్, గ్లైకాలిక్ ఆసిడ్ అని రాసి ఉన్న ఫేస్‌వాష్‌లు, సీరంలు కూడా ఆ రాత్రి వద్దు. ముఖానికి పసుపు రాసుకునే అలవాటున్నవారు ఉదయం పలచగా రాసుకుని మెత్తగా కడిగేసుకోవచ్చు, రుద్దడం, మండటం లేకపోతే చాలు. బ్యూటీ పార్లరులో ముఖం మీద మైనంతో వెంట్రుకలు తీయించుకోవాలంటే అంతకు వారం ముందు నుంచి రెటినాల్ ఆపాలి. లేకపోతే మైనంతో పాటు పైచర్మం కూడా ఊడి వస్తుంది. బ్లీచింగ్‌కు, ఫేషియల్‌కు కూడా అదే నియమం. ముందుగా పార్లరు అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. మగవాళ్ళు గడ్డం గీసుకున్న రాత్రి రాసుకోకుండా ఉంటే మంట తప్పుతుంది.

పెళ్ళికూతుళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ముహూర్తం పదిహేను రోజులుందనగా ఒక సీసా కొనుక్కోవడం ఇప్పుడు రివాజయింది. అది అన్నిటికంటే చెడ్డ వేళ. సరిగ్గా పొట్టు లేచే రోజుల్లో నలుగు పెడతారు, మంగళస్నానం చేయిస్తారు. కన్నడం వారింట అరిశిన శాస్త్రమని అత్తలు, పిన్నులు, వదినలు వరసగా వచ్చి బుగ్గలకు పసుపు పులుముతారు. ఆ తర్వాత పార్లరువారి రంగులు. పాపం, ఆ పిల్ల ముఖం ఎన్నిటికని ఓర్చుకుంటుంది? రెటినాల్ ఫలితం కనబడటానికి కనీసం 12 వారాలు పడుతుంది. ముడతల విషయంలో ఆరు నెలలు. పెళ్ళికి అయిదారు నెలల ముందు మొదలుపెట్టగలిగితే సరే. పెళ్ళికి పది రోజుల ముందు ఆపేయాలి. అంత వ్యవధి లేకపోతే ఆ ఆలోచనే మానుకుని, కంటినిండా నిద్ర, ఎండకు గొడుగు చూసుకోవడం మేలు. పెళ్ళయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది, పిల్లల గురించి ఆ దంపతుల ఆలోచనను బట్టి ఉంటుంది. ఇందాక చెప్పిన కారణం మీకు గుర్తుండే ఉంటుంది.

సన్‌స్క్రీన్ గురించి రెండు మాటలు. ఎస్ పి ఎఫ్ 30 లేదా అంతకుమించి, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉన్నది తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపడా వస్తుంది. అంతకు సగం రాస్తే దాని ఫలితం సగానికంటే తక్కువే. బయటికి వెళ్ళే పావుగంట ముందు రాసుకోవాలి. బయటే ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాసుకోవాలి. బస్టాండులో నిలబడి ముఖానికి క్రీము పూసుకోవడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. సిగ్గుపడేవారు గొడుగు విప్పండి. మబ్బు పట్టిన రోజు కూడా మానకూడదు, మబ్బులోంచి కూడా ఆ కిరణాలు వస్తాయి. రాత్రి రెటినాల్ రాసి పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే, ఒక చేత్తో కట్టిన గోడను రెండో చేత్తో కూల్చినట్టే.

చివరగా సీసా దాచుకునే చోటు. రెటినాల్‌కు వెలుతురు పడదు, గాలి పడదు, వేడి పడదు. అందుకని గాజులోంచి లోపల మందు కనబడే సీసాలు, వెడల్పు మూత డబ్బాలు వద్దు. వెలుతురు చొరని ట్యూబు గాని, నొక్కితే మందు వచ్చే పంపు సీసా గాని మేలు. కిటికీ పక్కన, స్నానాల గదిలో, రేకుల కప్పు కింద అలమరలో పెట్టకండి. ఇంట్లో చల్లగా ఉండే చీకటి మూలలో పెట్టండి. చిన్నపిల్లల చేతికి అందకూడదు. మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకోండి. పెట్టె మీద తెరిచిన మూత బొమ్మ, పక్కన ఒక అంకె ఉంటాయి. తెరిచాక అన్ని నెలల్లోపు వాడాలని దాని అర్థం. రంగు ముదురు పసుపుకో గోధుమరంగుకో తిరిగినా, వాసన మారినా, గడువు మిగిలి ఉన్నా సరే, పారేయండి.